పార్టీ పేరు వింటే చాలు, మనిషినే తేల్చేస్తున్నారు. అమెరికా ఎప్పుడూ ఇంతేనా?

డాలస్_శాస్త్రి
సిటిజన్‌షిప్ వచ్చాక 2024లో మొదటిసారి ఓటేశాను. ఎవరికేశానో చెప్పను, చెబితే చర్చ అటే పోతుంది. పక్కింటాయన తెల్లవాడు, రిటైరయ్యాడు. మేం ఇండియా వెళ్ళినప్పుడల్లా మా మొక్కలకి నీళ్ళు పోసేవాడు, హాలోవీన్‌కి మా పిల్లలకి దోసిళ్ళతో చాక్లెట్లు ఇచ్చేవాడు. ఎన్నికల ముందు ఇంటిముందు గడ్డిలో ఒక అభ్యర్థి బోర్డు పాతాం. ఆ రోజు నుంచి పలకరింపు లేదు. చెయ్యి ఊపినా తల తిప్పుకుంటాడు.

ఆఫీసులో దీనికి సరిగ్గా అవతలి పక్షం. లంచ్ దగ్గర ఒకావిడ, "వాళ్ళకి ఓటేసినవాళ్ళతో నేను ఒకే గదిలో కూర్చోలేను" అంది. అందరూ తలూపారు. ఆ కూర్చున్నవాళ్ళలోనే ఒకరు వేసి ఉండొచ్చని ఆవిడకి తట్టనే లేదు.

మాది పల్నాడు. పార్టీ కక్షలంటే ఏమిటో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ పన్నుల మీదో, తుపాకుల మీదో, అబార్షన్ మీదో వాదించుకుంటే అర్థముంది. మనిషినే అసహ్యించుకోవడం ఎందుకు? మొదట్నుంచీ ఇంతేనా, ఈ పదేళ్ళలో వచ్చిందా? చాలాకాలంగా ఉన్నవాళ్ళు చెప్పాలి.

కొత్తపౌరుడు
ఇందులో అడగడానికేముంది, ట్రంప్ వచ్చాకే ఇదంతా. 2015కి ముందు ఎవరూ పట్టించుకునేవారు కాదు.

చరిత్రపిచ్చి
కొత్తపౌరుడు గారూ, అది నిజం కాదు. 1960లో ఒక సర్వేలో, మీ అబ్బాయో అమ్మాయో అవతలి పార్టీవాళ్ళని పెళ్ళాడితే మీకు కష్టంగా ఉంటుందా అని అడిగారు. అవునన్నవాళ్ళు రెండు పార్టీల్లోనూ నూటికి ఐదుగురికి మించలేదు. 2010లో దాదాపు అదే ప్రశ్న మళ్ళీ అడిగితే రిపబ్లికన్లలో సగం మంది, డెమొక్రాట్లలో మూడోవంతు అవునన్నారు. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ శాంతో అయ్యంగార్, ఆయన తోటివాళ్ళు ఈ లెక్కలు బయటపెట్టారు. సంవత్సరం చూడండి, 2010. అప్పటికి ట్రంప్ టీవీ షో చేసుకుంటున్నాడు.

అసలు కారణం ఇంకా వెనక ఉంది. 1964లో జాతి వివక్షని నిషేధించిన పౌరహక్కుల చట్టం సెనేట్‌లో నెగ్గినప్పుడు డెమొక్రాట్లలో 46 మంది అనుకూలం, 21 మంది వ్యతిరేకం. రిపబ్లికన్లలో 27 అనుకూలం, 6 వ్యతిరేకం. రెండు పార్టీల్లోనూ ఉదారవాదులున్నారు, ఛాందసులున్నారు. దక్షిణాది తెల్లవాళ్ళు డెమొక్రాట్లు. ఈశాన్యంలో చాలామంది రిపబ్లికన్లు జాతి విషయంలో వాళ్ళకంటే ఎంతో నయం. ఆ చట్టం తర్వాతి దశాబ్దాల్లో దక్షిణాది తెల్లవాళ్ళు, చర్చికి క్రమం తప్పకుండా వెళ్ళేవాళ్ళు, చివరికి పల్లెలు రిపబ్లికన్ల వైపు; నల్లవాళ్ళు, నగరాలు డెమొక్రాట్ల వైపు. జాతి, మతం, ఊరు, చదువు అన్నీ ఒకే గీత మీద చీలాయి. అందుకే ఇవాళ పార్టీ పేరు చెబితే మిగతావన్నీ చెప్పినట్టే అనుకుంటున్నారు. శాస్త్రి గారి పక్కింటాయన ఆ బోర్డులో అభ్యర్థి పేరు చదవలేదు, "వీళ్ళు నన్ను తక్కువగా చూసే రకం" అని చదివాడు.

నల్గొండ_నర్సన్న
చరిత్ర మంచిగ చెప్పిన్రు. కని మాట్లాడే తీరు చూస్తె రెండు దిక్కులా సమానం తప్పున్నట్టు ఉన్నది. నేను ఒప్పుకోను. 2021 జనవరి 6 నాడు ఓడిపోయిన ట్రంప్ మనుషులు క్యాపిటల్ (అక్కడి పార్లమెంటు భవనం) అద్దాలు పగలగొట్టి లోపలికి పోయి ఓట్ల లెక్క ఆపిన్రు. 2025ల మళ్ళ గద్దె ఎక్కిన మొదటి రోజే ట్రంప్ దగ్గరదగ్గర 1,500 మందికి క్షమాభిక్ష ఇచ్చిండు. ఇది పక్కింటోడు పలకకపోవుడు లెక్క కాదు.

పెన్సిల్వేనియా_ప్రసాద్
నేను రిపబ్లికన్‌ని. దాచుకోను. రెండు గ్యాస్ స్టేషన్లున్నాయి, జీతాలిచ్చేవాడిని, పన్నుల సంగతి నాకు తెలుసు. నర్సన్న అన్నా, జనవరి 6 తప్పే, నేను ఆ రోజే అన్నాను. కానీ 2017లో బేస్‌బాల్ ప్రాక్టీసు చేసుకుంటున్న రిపబ్లికన్ కాంగ్రెస్ సభ్యుల మీద కాల్పులు జరిపింది ఎవరు? వాళ్ళలో స్టీవ్ స్కలీస్ చావు అంచుల దాకా వెళ్ళొచ్చాడు. 2024 జులైలో మా రాష్ట్రంలోనే, బట్లర్‌లో, ట్రంప్ చెవికి తూటా తగిలింది, సభకి వచ్చిన ఒకాయన ప్రాణం పోయింది. 2025 సెప్టెంబర్‌లో యూటాలో విద్యార్థుల మధ్య కూర్చుని మాట్లాడుతున్న ట్రంప్ మద్దతుదారు చార్లీ కిర్క్‌ని చంపేశారు. ఆ సాయంత్రం నా స్నేహితుడే వాట్సాప్‌లో "చేసుకున్నవాడికి చేసుకున్నంత" అని పెట్టాడు. మన తెలుగాయనే. ఆ మాట ఇంకా మర్చిపోలేకపోతున్నా.

వాణి_వర్జీనియా
ప్రసాద్ గారూ, ఆ మాట అన్నవాళ్ళు ఎవరైనా తప్పే. అలాగే 2022లో డెమొక్రాట్ నాయకురాలు నాన్సీ పెలోసీ భర్తని ఇంట్లో సుత్తితో కొడితే దాని మీద నవ్వుకుంటూ మీమ్స్ తిప్పినవాళ్ళనీ చూశాను. 2025 జూన్‌లో మినసోటాలో డెమొక్రాట్ శాసనసభ్యురాలు మెలిస్సా హార్ట్‌మన్‌నీ ఆమె భర్తనీ ఇంటికొచ్చి చంపారు. మూడు నెలలకే కిర్క్. చచ్చినవాళ్ళ పార్టీ చూసి ఏడవాలా వద్దా అని తేల్చుకుంటున్నారు జనం, అది నాకు అన్నిటికంటే భయం.

విజయవాడ_వంశీ
ఇంతకీ అక్కడ ఫ్లెక్సీలు కడతారా లేదా? గడ్డిలో చిన్న బోర్డుకే ఇంత గొడవైతే మన సెంటర్లో కటౌట్ చూస్తే ఏమైపోతారు 😄

డాలస్_శాస్త్రి
వంశీ, నువ్వొచ్చి కట్టు, మా కాలనీ అసోసియేషన్ జరిమానా నువ్వే కడుదువుగాని 😄

గోదావరి_పిల్ల
నాకు ఇంకో కోణం చెప్పాలని ఉంది. పార్టీ ద్వేషం, జాతి వివక్ష రెండూ వేరని అనుకుంటున్నాం కదా. ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ భార్య ఉషా వాన్స్ సంగతి చూడండి. చిలుకూరి వాళ్ళ అమ్మాయి, పూర్వీకులది మా పశ్చిమ గోదావరి వడ్లూరు. 2024 జులైలో మిల్వాకీలో రిపబ్లికన్ల సభలో భర్తని పరిచయం చేస్తూ మాట్లాడింది. ఆ వారమే ఆమె రంగు మీద, మతం మీద, పిల్లల పేర్ల మీద బూతులు మొదలెట్టింది ఎవరు? డెమొక్రాట్లు కాదు, వాళ్ళ శిబిరం అంచుల్లో ఉన్న తెల్లజాతి దురహంకారులు. తర్వాత జె.డి. వాన్స్ స్వయంగా ఒక ఇంటర్వ్యూలో, తన భార్య తెల్లమనిషి కాదని తమ మీద దాడి చేస్తున్నారని చెప్పుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది మేలో రిపబ్లికన్ నాయకుడు వివేక్ రామస్వామి పాడ్‌కాస్ట్‌కి వచ్చిన మితవాద వ్యాఖ్యాత ఆన్ కోల్టర్, నీ మాటలు చాలావాటితో ఏకీభవిస్తాను కానీ నువ్వు ఇండియన్‌వి కాబట్టి నీకు ఓటెయ్యనని మొహం మీదే చెప్పింది.

ఇక డెమొక్రాట్ల వైపు. నా కాలేజీ స్నేహితులు, జాతి వివక్ష మీద ఊరేగింపుల్లో నడిచినవాళ్ళు, ఉష గురించి మాట్లాడేటప్పుడు "తనవాళ్ళని అమ్ముకుంది" అంటారు. ఆమె ఏ ఉద్యోగం చేసింది, ఏం చదివింది ఎవరికీ అక్కర్లేదు. గోధుమరంగు మనిషి మా పార్టీలోనే ఉండాలి అనుకోవడం కూడా చులకనే.

నల్గొండ_నర్సన్న
చెల్లె, చులకన వేరు, బూతులు వేరు. కమలా హారిస్ మీద ట్రంప్ ఏమన్నడు? 2024 జులై 31న చికాగోల నల్లజాతి జర్నలిస్టుల సభల, ఆమె ఇన్నేండ్లు ఇండియన్ అని చెప్పుకొని ఇప్పుడు ఉన్నట్టుండి నల్లమనిషి అయిందన్నడు. తల్లి తమిళామె, తండ్రి జమైకా. పుట్టిన కాడికెళ్లి రెండూ ఆమెయే. గీ మాట అంచుల్లున్నోడు అనలేదు, పార్టీ పెద్ద అన్నడు.

గోదావరి_పిల్ల
అది కాదనలేదు అన్నా. పార్టీ పెద్ద అన్నప్పుడు బరువు ఎక్కువే. నేనన్నది, మన మనిషి ఏ పార్టీలో ఉన్నా అవతలి పార్టీవాళ్ళకి ముందు కనబడేది రంగు అని.

బే_ఏరియా_బాలు
పార్టీ పక్షపాతం జాతి పక్షపాతం కన్నా ఎక్కువని తేల్చిన పరిశోధన కూడా ఉంది. అయ్యంగార్, వెస్ట్‌వుడ్ 2015లో ప్రచురించారు. ఇద్దరు హైస్కూల్ విద్యార్థుల దరఖాస్తులిచ్చి స్కాలర్‌షిప్ ఎవరికిస్తారో చెప్పమన్నారు. ఒకరి దరఖాస్తులో యువ డెమొక్రాట్ల క్లబ్, ఇంకొకరి దాంట్లో యువ రిపబ్లికన్ల క్లబ్. దాదాపు 80 శాతం మంది తమ పార్టీ పిల్లవాడినే ఎంచుకున్నారు. మార్కులు అవతలివాడికి ఎక్కువున్నా పెద్ద తేడా రాలేదు.

నేను ఇంటర్వ్యూలు చేస్తుంటాను కాబట్టి ఇది నాకు బాగా తగిలింది. మా వైపు రెజ్యూమెలో రిపబ్లికన్ ప్రచారంలో పనిచేశానని రాస్తే మా టీమ్‌లో ఎవరూ పైకి ఏమీ అనరు. "మన కల్చర్‌కి సరిపోతాడా" అని మాత్రం అడుగుతారు. జాతి గురించి అలా అడిగితే హెచ్ఆర్ ఊరుకోదు. పార్టీ గురించి అడిగితే సిగ్గుపడేవాళ్ళు లేరు.

పెన్సిల్వేనియా_ప్రసాద్
బాలు గారూ, ఈ మాట మీ వైపు మనిషి నోటి నుంచి రావడం సంతోషం.

బే_ఏరియా_బాలు
నేను మీ పార్టీకి ఓటెయ్యను ప్రసాద్ గారూ, కానీ ఆ పిల్లవాడికి ఉద్యోగం ఇవ్వాలంటాను.

అట్లాంటా_అమ్మమ్మ
నేను మా అమ్మాయి దగ్గరికి ఆరేసి నెలలు వచ్చిపోతుంటాను. ఇంట్లో అల్లుడు ఒక ఛానెల్, మా అమ్మాయి ఇంకో ఛానెల్. ఒకే సంగతి రెండు గదుల్లో రెండు రకాలుగా వింటాను. వంటింట్లో మాత్రం ఇద్దరూ గోంగూర పార్టీయే. మనవరాలికి సంబంధాలు చూస్తున్నాం. ఇదివరకు గోత్రం, ఊరు, వీసా అడిగేవాళ్ళు. మొన్నొక అబ్బాయి తల్లి "మీ వాళ్ళు ఏ పార్టీ అండీ" అని మొదటి ఫోన్లోనే అడిగింది. పైన చరిత్రపిచ్చి బాబు పెళ్ళి లెక్కలు చెబితే అది గుర్తొచ్చి రాస్తున్నా. అబ్బాయి మంచివాడో కాదో ఆ ప్రశ్నలో ఎక్కడుంది?

కొత్తపౌరుడు
అమ్మమ్మ గారూ, అబ్బాయికి ఆడపిల్లల హక్కుల మీద ఏ అభిప్రాయముందో తెలుసుకోవడం తప్పంటారా? అబార్షన్ మీద 2022లో సుప్రీంకోర్టు తీర్పొచ్చాక మీ జార్జియాలో దాదాపు ఆరువారాలు దాటితే కుదరదు. రేపు మీ మనవరాలికి గర్భంతో ఉన్నప్పుడు ప్రాణం మీదకొస్తే భర్త ఎటు నిలబడతాడో ముందే అడగాలి కదా.

అట్లాంటా_అమ్మమ్మ
ఆ ప్రశ్న అడగమనే అంటాను నాయనా. పార్టీ పేరు అడిగితే దానికి జవాబు రాదు. మా ఇంట్లోనే చూస్తున్నా, అల్లుడు ఆ పార్టీ అయినా ఈ విషయంలో మా అమ్మాయి మాటే అంటాడు.

ఓహైయో_ఓబులేసు
2008లో ఒబామా మీద పోటీ చేసిన రిపబ్లికన్ మెకెయిన్ లాంటివాళ్ళు ఉండేవారు. మినసోటాలో ఒక సభలో ఒకావిడ ఒబామాని అరబ్ అంటే మైకు తీసేసుకుని, కాదమ్మా, ఆయన మంచి కుటుంబీకుడు, పౌరుడు, కొన్ని విషయాల్లో మాకు పడదంతే అన్నాడు. సొంతవాళ్ళే ఈలలు వేసి గోల చేశారు. అయినా అన్నాడు. అలాంటి నాయకుడు ఇప్పుడుంటే ఈ దేశం ఇట్లా ఉండేది కాదు.

నల్గొండ_నర్సన్న
అందరు దాన్నే మెచ్చుకుంటరు. జర సోంచాయించుర్రి. అరబ్ కాదు, మంచి కుటుంబీకుడు అంటే ఏమన్నట్టు? అరబ్ అయితె మంచి కుటుంబీకుడు కాడా? నా పక్క క్యూబికల్ల లెబనాన్ ఆయన ఆ వీడియో చూసి నవ్వలే, ఏడ్వలే, ఊకె కూసున్నడు.

చరిత్రపిచ్చి
నర్సన్నా, ఆ సంగతి చెప్పింది మళ్ళీ ఒక రిపబ్లికనే. కొద్ది రోజులకే కాలిన్ పవెల్ టీవీలో, ఒబామా ముస్లిం కాదు, క్రైస్తవుడు అనేది సరైన జవాబే, కానీ అసలు జవాబు వేరే ఉంది, ముస్లిం అయితే ఏమిటి అన్నాడు. ముస్లిం అయిన ఏడేళ్ళ అమెరికన్ పిల్లవాడు అధ్యక్షుడు కావాలని కలగంటే తప్పా అని అడిగాడు. ఆ కూర్చున్న చోటే ఒబామాకి మద్దతు ప్రకటించాడు. బుష్ దగ్గర విదేశాంగ మంత్రిగా చేసిన మనిషి.

మెకెయిన్ మాటలో లోపముంది, ధైర్యమూ ఉంది. సొంత సభలో, సొంత ఓటర్ల మొహం మీద అలా చెప్పడం 2008 తర్వాత ఎన్నిసార్లు చూశాం? ఆ తర్వాతి మూడేళ్ళూ ఒబామా పుట్టింది కెన్యాలో అని ఊదరగొట్టారు. 2011 ఏప్రిల్‌లో ఆయన పూర్తి జనన పత్రం బయటపెట్టాక కూడా ఆగలేదు. ఒక అధ్యక్షుడిని నీ పుట్టుక రుజువు చూపించు అని అడిగారు. తెల్ల అధ్యక్షుడిని ఎవరినీ ఇంతలా వెంటబడి అడగలేదు.

ఓహైయో_ఓబులేసు
అది అన్యాయమే. నేను వాదించను.

నిర్వాహకుడు
పార్టీ కార్యకర్తల ప్రచార లింకులు రెండు తీసేశాను. ఒక సభ్యుడిని "పచ్చ కుక్క" అన్న పోస్టు కూడా తీసేశాను. ఆంధ్రా పార్టీల రంగులు ఇక్కడికి తేవద్దు.

వాణి_వర్జీనియా
అవతలివాళ్ళు ఎవరో తెలియకుండానే ద్వేషిస్తున్నామనడానికి నా దగ్గర మంచి ఉదాహరణ ఉంది. ఆలర్, సూద్ అని ఇద్దరు పరిశోధకులు 2018లో ప్రచురించారు. డెమొక్రాట్లలో ఎంతమంది స్వలింగ, ద్విలింగ సంపర్కులు అని రిపబ్లికన్లని అడిగితే 38 శాతం అన్నారు. నిజానికి 6 శాతం. రిపబ్లికన్లలో ఎంతమందికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల పైన సంపాదన ఉంది అని డెమొక్రాట్లని అడిగితే 44 శాతం అన్నారు. నిజానికి 2 శాతం! 2019లో మోర్ ఇన్ కామన్ అనే సంస్థ ఇంకో సర్వే చేసింది. అవతలి పార్టీలో సగానికి పైగా అతివాదులని రెండు వైపులా అనుకుంటున్నారు, లెక్క తీస్తే మూడోవంతు కూడా లేరు. పైగా వార్తలు ఎక్కువ చూసేవాళ్ళ అంచనాలే ఎక్కువ తప్పు.

నేను ఎన్నికల రోజు పోలింగ్ అధికారిగా పనిచేస్తుంటాను. మా రాష్ట్రంలో ఒక్కో కేంద్రంలో రెండు పార్టీల తరఫునా అధికారులుండాలి. చీఫ్ ఒక పార్టీ అయితే అసిస్టెంట్ చీఫ్ అవతలి పార్టీ. ఉదయం ఆరింటికి తలుపు తీసి రాత్రి ఏడింటికి మూసి, ఆ తర్వాత లెక్కలు సరిచూసి అందరం సంతకం పెట్టాలి. నాతో చేసిన రిపబ్లికన్ ఆయన మాజీ సైనికుడు. చేతికర్రతో వచ్చిన ఒక నల్లజాతి పెద్దావిడ పేరు జాబితాలో సరిగ్గా దొరక్కపోతే, నాకంటే ముందు ఆయనే రిజిస్ట్రార్‌కి ఫోన్ చేసి ఆవిడ ఓటు వేసేదాకా నిలబడ్డాడు. మా ఆయనకి చెబితే నమ్మలేదు, "వాళ్ళు ఓట్లు ఆపేవాళ్ళు కదా" అన్నాడు.

నల్గొండ_నర్సన్న
ఆ మనిషి మంచోడు వాణక్కా. గాయన ఓటేసిన నాయకులు ఓటు వేసుడు కష్టం చేసే చట్టాలు తెస్తున్నరు గద. మంచి మనిషి, చెడ్డ చట్టం. నేను కొట్లాడేది చట్టంతోటి.

వాణి_వర్జీనియా
అదే నేననేది కూడా. చట్టంతో కొట్లాడండి, ఆయనతో టీ తాగండి.

ఫ్రిస్కో_సుజాత
ఇద్దరికీ ఒక మాట. సామాన్యులు ఎంత మంచివాళ్ళయినా, పద్ధతే ద్వేషానికి జీతమిస్తోంది. 2025 ఆగస్టులో మా టెక్సస్‌లో పదేళ్ళకోసారి గీయాల్సిన నియోజకవర్గాలని మధ్యలోనే మళ్ళీ గీశారు, రిపబ్లికన్లకి ఐదు సీట్లు ఎక్కువ రావాలని. కాలిఫోర్నియా నవంబర్‌లో ఓటు పెట్టి డెమొక్రాట్ల వైపు అలాగే గీసుకుంది. ఒక పార్టీకే రాసిపెట్టిన సీటులో అసలు పోటీ నవంబర్‌లో ఉండదు, ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో ఉంటుంది. ప్రైమరీకి వచ్చేది కొద్దిమంది, ఎక్కువ కోపం ఉన్నవాళ్ళు. నాయకుడు భయపడేది వాళ్ళకే. అవతలి పార్టీతో చెయ్యి కలిపితే పదవి పోతుంది, తిడితే చందాలొస్తాయి. 2025 అక్టోబర్ 1 నుంచి 43 రోజులు ప్రభుత్వం మూతబడింది, ఎయిర్‌పోర్టుల్లో జీతాల్లేకుండా పనిచేశారు. ఆ రోజుల్లోనూ రెండు పార్టీల నుంచీ నా ఫోన్‌కి డబ్బులడిగే మెసేజులు ఆగలేదు.

గుంటూరు_టు_న్యూజెర్సీ
మనకి ఈ గొడవలెందుకు, హెచ్‌1బి విషయంలో రెండు పార్టీలూ మనల్ని తన్నేవే. 2024 డిసెంబర్‌లో ఇండియాలో పుట్టిన శ్రీరామ్ కృష్ణన్‌కి వైట్‌హౌస్ పదవి ప్రకటించగానే ట్రంప్ మద్దతుదారులే ఇండియన్ల మీద ఎంత విషం కక్కారో చూశాం. 2025 సెప్టెంబర్‌లో కొత్త దరఖాస్తుకి లక్ష డాలర్లు. అటు డెమొక్రాట్లతో కలిసి నడిచే సెనేటర్ బెర్నీ శాండర్స్ కూడా ఈ వీసాని చవక కూలీల పథకమనే అంటాడు.

పెన్సిల్వేనియా_ప్రసాద్
శాండర్స్ అన్నది కంపెనీలని. మావాళ్ళలో కొందరు అన్నది మనుషులని. మా పార్టీ మీటింగులో లేచి ఇదే చెప్పాను, అక్కడున్నవాళ్ళలో సగం మంది చప్పట్లు కొట్టారు. మిగతా సగం కోసమే నేను ఆ పార్టీలో ఉండాలి. అందరం వెళ్ళిపోతే అక్కడ మన గురించి చెప్పేదెవరు?

నల్గొండ_నర్సన్న
ప్రసాదన్నా, ఇది మాత్రం ఒప్పుకుంట. 2017ల కాన్సాస్ ఒలేతెల మన పిల్లగాన్ని కాల్చినోడు వీసా గురించి అడిగిండు, పార్టీ అడగలే. అడ్డం పోయిన తెల్ల పిల్లగాడు కూడ తూటా తిన్నడు, గాయన కూడ ఎవరి పార్టీ ఏందని అడగలే. మీరు ఆ మీటింగులకు పోవుడు బంద్ చేయకుర్రి.

కొత్తపౌరుడు
సుజాత గారూ, ప్రైమరీలోనే అసలు సంగతి తేలుతుందంటున్నారు. నేనూ టెక్సస్‌లోనే ఉన్నాను, ఏ పార్టీలోనూ పేరు రాయించుకోలేదు. నేను వెయ్యొచ్చా?

ఫ్రిస్కో_సుజాత
వెయ్యొచ్చు. టెక్సస్‌లో ఓటరు నమోదుకి పార్టీ ఉండదు. సరి సంవత్సరాల్లో మార్చి మొదటి మంగళవారం ప్రైమరీ, నమోదు దానికి 30 రోజుల ముందే అయిపోవాలి. పోలింగ్ కేంద్రంలో ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అప్పుడే చెబుతారు, ఒక్కటే తీసుకోవాలి. ఎవరికీ సగం దాటకపోతే మేలో మళ్ళీ రెండో విడత ఉంటుంది, మొదటిసారి తీసుకున్న పార్టీలోనే అప్పుడూ వెయ్యాలి. నమూనా బ్యాలెట్లు కౌంటీ ఎన్నికల ఆఫీసు ముందే పెడుతుంది. రెండూ దింపుకుని కింద దాకా చదవండి, మన రాష్ట్రంలో జడ్జీలు కూడా పార్టీ గుర్తు మీదే పోటీ చేస్తారు, వాళ్ళ గురించి ఎవరూ టీవీలో చెప్పరు. చాలాచోట్ల స్కూల్ బోర్డుకి మేలో వేరే ఎన్నిక, దానికి పార్టీ గుర్తు ఉండదు. శాస్త్రి గారు కూడా డాలస్ కాబట్టి ఆయనకీ ఇదే వర్తిస్తుంది.